మూలన పడిన పాత కార్ రేడియోకి మళ్లీ కరెంటు ఇచ్చేముందు

తాతగారి అంబాసిడరో, నాన్న నడిపిన పద్మినియో మళ్లీ రోడ్డెక్కించాలని చూసేవాళ్లు హైదరాబాద్‌లో తక్కువేమీ లేరు. ఇంజను, బ్రేకులు, టింకరింగ్, పెయింటు, సీటు కవర్లు అన్నీ అయ్యాక చివర్లో రేడియో గుర్తొస్తుంది. అది డాష్‌బోర్డులోనే ఉండిపోయి ఉంటుంది, లేదంటే అటక మీద ఏ గోనెసంచిలోనో దొరుకుతుంది. దుమ్ము దులపగానే ఎవరో ఒకరు రెండు వైర్లు తీసి సరాసరి బ్యాటరీకి ముట్టించి "పలుకుతుందేమో చూద్దాం" అంటారు. ఆ ఒక్క పని మాత్రం చేయకండి. ముప్పై ఏళ్లు పడి ఉన్నా ఏమీ కాని సెట్టు ఆ ఒక్క నిమిషంలో పోతుంది. పోయాక దాని అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్‌కో ట్రాన్స్‌ఫార్మర్‌కో జత వెతుక్కోవడం కారు మొత్తం బాగుచేయించడం కన్నా కష్టం.

ఎందుకు పోతుందో ముందు చెప్తాను, కారణం తెలిస్తే మిగతా జాగ్రత్తలు చాలావరకు మీకే తోస్తాయి. సెట్టులో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉంటాయి, పాత మెకానిక్‌లు కండెన్సర్లు అంటారు. వాటిలో అల్యూమినియం రేకు మీద చాలా పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది, కరెంటు దాటిపోకుండా ఆపేది అదే. రేడియో అప్పుడప్పుడూ ఆడుతుంటే ఆ పొర నిలబడుతుంది, ఏళ్ల తరబడి వాడకపోతే పల్చబడుతుంది, లోపలి ద్రవం కూడా ఎండిపోతుంది. అలాంటిదానికి ఒక్కసారిగా పూర్తి 12 వోల్టులు ఇస్తే కరెంటు లోపలే లీకవుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, ఒక్కోసారి పేలుతుంది. అవతల ఉన్నదేమో కార్ బ్యాటరీ. షార్ట్ అయితే వందల ఆంపియర్లు తోసేస్తుంది, సెట్టు లోపలి సన్నటి తీగ కాలిపోయేదాకా ఆగదు. పది రోజులు లంఖణాలు చేసిన మనిషికి మొదటి పూటే బిర్యానీ పెట్టం కదా, గంజితో మొదలుపెడతాం, ఇక్కడా అంతే.

అందుకని ఈ పని మొత్తానికి నేను పట్టుకుని ఉండే సూత్రం ఒక్కటే. మొదట చూడాల్సింది పాట వస్తోందా అని కాదు, సెట్టు ఎంత కరెంటు తాగుతోంది అని. చెవి సంగతి తర్వాత, ముందు కళ్లు మీటర్ మీద ఉండాలి.

ముందు మీ దగ్గరున్నది ఏ రకమో తేల్చుకోండి

కార్ రేడియోలు మోటుగా మూడు రకాలు. బరువుగా, ఇనప పెట్టెలా ఉండి, మూత తీస్తే గాజు వాల్వులు, వాటి పక్కన సిగరెట్ పెట్టె అంత పొడవున గుండ్రటి లోహపు డబ్బా (అది వైబ్రేటర్) కనిపిస్తే అది పూర్తి వాల్వు సెట్టు. వాల్వులుండి వైబ్రేటర్ లేకుండా, వెనకవైపు ఒక పెద్ద పవర్ ట్రాన్సిస్టర్ బిగించి ఉంటే హైబ్రిడ్, 1950ల చివర్లో 60ల మొదట్లో ఇవి వచ్చాయి, వీటిలో వాల్వులు నేరుగా 12 వోల్టుల మీదే నడుస్తాయి. మూడోది పూర్తి ట్రాన్సిస్టర్ సెట్టు. 1955లోనే ఫిల్కో కంపెనీ క్రైస్లర్ కార్ల కోసం ఇలాంటిది తయారుచేసింది గానీ, మనకు ఎక్కువగా దొరికేవి 60ల చివరి నుంచి 80ల దాకా వచ్చిన సెట్లే.

ఇది ఎందుకు తేల్చుకోవాలంటే వైబ్రేటర్ సెట్టు విషయంలో ప్రాణాపాయం ఉంది. బ్యాటరీ ఆరో పన్నెండో వోల్టులే కదా అనిపిస్తుంది, కానీ వైబ్రేటర్ ఆ డీసీని సెకనుకు వంద సార్లకు పైగా తెంపి కలుపుతూ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇస్తుంది, అది 200 నుంచి 250 వోల్టులుగా పైకి లేస్తుంది. ఆపేశాక కూడా కెపాసిటర్లలో ఆ వోల్టేజీ కాసేపు నిలిచి ఉంటుంది. వాల్వు సెట్ల అలవాటు లేనివాళ్లు దాని మూత తీసి కరెంటు ఇవ్వకండి, ఆ పని తెలిసిన పెద్ద మెకానిక్ పక్కన ఉండాల్సిందే. దాని గురించి కింద విడిగా రాస్తాను. ఇక్కడి నుంచి చెప్పేది ముఖ్యంగా ట్రాన్సిస్టర్ సెట్ల గురించి.

తర్వాతి ప్రశ్న వోల్టేజీ, ఎర్త్ (బ్యాటరీ ప్లస్, మైనస్‌లలో ఏది కారు బాడీకి కలిసి ఉందో అది). వోల్టేజీ సంగతి త్వరగా తేలిపోతుంది, సెట్టు అడుగున చీటీ మీదో రేకు మీద అచ్చుగుద్దో 6 వోల్ట్ లేదా 12 వోల్ట్ అని ఉంటుంది. చాలా అమెరికన్ కార్లు 50ల మధ్య దాకా, ఫోక్స్‌వాగన్ బీటిల్ 60ల మధ్య దాకా 6 వోల్టుల మీదే నడిచాయి. ఎర్త్ దగ్గరే ఎక్కువ సెట్లు బలి అవుతాయి. ఇప్పటి కార్లన్నిటిలో బ్యాటరీ మైనస్ బాడీకి ఉంటుంది. పాత బ్రిటిష్ కార్లలో 60ల మధ్య దాకా ప్లస్‌ని బాడీకి కలపడం మామూలు. మన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది, అదీ ఆ వంశమే. పద్మిని పుట్టిన ఫియట్ 1100 వంశంలో మైనస్సే ఎర్త్. కానీ కారు పేరు చూసి నిర్ణయించకండి. చాలా పాత కార్లలో మధ్యలో ఎప్పుడో డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టించి, అప్పుడే ఎర్త్ కూడా మార్చేసి ఉంటారు, రేడియో మాత్రం పాతదే. కారు ఒక రకం, రేడియో ఇంకో రకం అయి కూర్చుంటాయి.

సెట్టు మీద రాసి లేకపోతే మూత తీసి, కరెంటు లైను లోపలికి వచ్చాక మొదట కనిపించే పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ని చూడండి. దాని మైనస్ కాలు ఛాసీకి (సెట్టు లోహపు డబ్బాకి) కలిసి ఉంటే సెట్టు నెగటివ్ ఎర్త్, ప్లస్ కాలు ఛాసీకి ఉంటే పాజిటివ్ ఎర్త్. మల్టీమీటర్ బజర్ మోడ్‌లో పెట్టి నిర్ధారించుకోండి, రెండు చోట్లూ కలిసి ఉంటే అది మోగుతుంది. కొన్ని సెట్లలో వెనకాల చిన్న ప్లగ్గో స్విచ్చో ఉంటుంది, దాన్ని తిప్పి పెడితే ఎర్త్ మారుతుంది. మీ సెట్టులో అలాంటిది ఉంటే ఇప్పుడు అది ఎటు ఉందో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ప్లస్, మైనస్ తారుమారైతే జర్మేనియం ట్రాన్సిస్టర్లు ఫ్యూజు కన్నా ముందే పోతాయి.

కావలసినవి, దొరికేచోటు

మల్టీమీటర్ ఒకటి తప్పనిసరి. దానికన్నా ముఖ్యమైనది కరెంటు మీద అదుపు ఉన్న సప్లై. మొబైల్ రిపేర్ షాపుల్లో టేబుల్ మీద 15 వోల్ట్, 2 ఆంప్‌ల డీసీ పవర్ సప్లై ఒకటి ఉంటుంది చూడండి, వోల్టేజీ తిప్పుకునే నాబ్, ఎంత కరెంటు పోతోందో చూపించే మీటర్‌తో, అది ట్రాన్సిస్టర్ సెట్టుకి సరిగ్గా సరిపోతుంది. కొనక్కర్లేదు, తెలిసినవాళ్ల దగ్గర ఒక పూటకి అడిగి తెచ్చుకున్నా చాలు.

అది దొరక్కపోతే యూపీఎస్‌లో వాడే 12 వోల్ట్, 7 ఏహెచ్ బ్యాటరీ, ఇన్‌లైన్ ఫ్యూజు హోల్డర్, 1 ఆంప్, 2 ఆంప్ ఫ్యూజులు కొన్ని, ఇంకా రెండు కార్ బల్బులు తీసుకోండి. పార్కింగ్ లైటుకి వాడే 5 వాట్ల బల్బు ఒకటి, బ్రేక్ లైటుకి వాడే 21 వాట్లది ఒకటి, వాటి హోల్డర్లతో సహా. పుత్లీబౌలి, రాణిగంజ్ ఆటో స్పేర్ల దుకాణాల్లో ఇవి చవగ్గా వస్తాయి. బల్బు ఎందుకంటే, దాన్ని సెట్టుతో సీరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే సెట్టుకి పోయేలా, పెడితే లోపల షార్ట్ ఉన్నా కరెంటు బల్బు దాటి పోలేదు. 5 వాట్ల బల్బు మహా అయితే 0.4 ఆంప్ వదులుతుంది, 21 వాట్లది 1.75 ఆంప్ వదులుతుంది. సెట్టు బాగుంటే బల్బు మసగ్గా ఎర్రబడి ఊరుకుంటుంది, నిండుగా వెలిగిందంటే లోపల షార్ట్ ఉన్నట్టే. ఒక హెచ్చరిక, టీవీ మెకానిక్‌ల దగ్గర గోడకి ఉండే 230 వోల్టుల సీరీస్ బోర్డు వేరు, ఇది వేరు. దాన్ని ఈ పనికి దగ్గరికి కూడా రానివ్వొద్దు.

బ్యాటరీ ఛార్జరుతో నడపొద్దు, అందులోంచి వచ్చేది నునుపైన డీసీ కాదు. ల్యాప్‌టాప్, సీసీ కెమెరా అడాప్టర్లు నడుపుతాయి గానీ వాటి రొద మీడియం వేవ్ మొత్తాన్ని కమ్మేస్తుంది, సెట్టు బాగున్నా బాగాలేదనుకుంటారు.

కెపాసిటర్లు, కాంటాక్ట్ క్లీనర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని బ్రష్, ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒకే తిరుగుడులో దొరికేస్తాయి. కెపాసిటర్లు అడిగేటప్పుడు "అన్నా, 1000 మైక్రోఫారడ్, 25 వోల్ట్, 105 డిగ్రీలది ఇవ్వండి" అని స్పష్టంగా చెప్పండి, లేకపోతే 85 డిగ్రీలది చేతిలో పెడతారు. మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు డాష్‌బోర్డు వెనకాల ఎంత వేడి ఉంటుందో మనకి తెలిసిందే, ఈ తేడా అక్కడ లెక్కలోకి వస్తుంది. స్పేర్ల కోసం ఇంకో పాడైన సెట్టు కావాలంటే ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం జుమేరాత్ బజార్ తిరగండి. పలకని సెట్టయినా పర్వాలేదు, నాబులు, డయల్ గాజు, బ్రాకెట్లు బాగుంటే అవే పనికొస్తాయి.

మూత తీశాక

ముందు వాసన చూడండి. కాలిన వాసన, చేప వాసన లాంటిది వస్తే ఇంతకుముందే ఎవరో కాల్చేశారు, లేదా కెపాసిటర్ ద్రవం కారింది. ఎలుకలు, బొద్దింకలు కాపురం పెట్టిన గుర్తులుంటే మాస్కు, గ్లవ్స్ వేసుకోండి. ఎలుక మూత్రం పడ్డచోట బోర్డు మీది రాగి పచ్చగా తుప్పు పట్టి తెగిపోయి ఉంటుంది, ఆ పచ్చదనాన్ని ఆల్కహాల్‌తో తుడిచి కింద గీత కొనసాగుతోందా లేదా బజర్‌తో చూడాలి.

దుమ్ము మెత్తని బ్రష్‌తో దులపండి. కారు వాషింగ్ సెంటర్లలో ఉండే ప్రెషర్ గాలి కొట్టించొద్దు, సన్నటి తీగలు తెగుతాయి. తుప్పు వదిలించే స్ప్రే లోపల కొట్టొద్దు. డయల్ గాజు మీది అంకెలని ఆల్కహాల్‌తో తాకొద్దు, ఒక్క తుడుపుకి అక్షరాలు గుడ్డకి అంటుకుని వచ్చేస్తాయి, ముందువైపు మాత్రం తడిగుడ్డతో తుడిచి వదిలేయండి.

ఇక్కడ ఒక భాగం దగ్గర కాసేపు ఆగాలి, ట్యూనింగ్ దగ్గర. ఇంట్లో రేడియోలో స్టేషన్ మార్చితే రేకుల గ్యాంగ్ కండెన్సర్ తిరుగుతుంది. కారు గతుకుల్లో ఆ రేకులు అదిరి స్టేషన్ జారిపోతుంది కాబట్టి ఎక్కువ కార్ రేడియోల్లో వేరే పద్ధతి పెట్టారు. నాబ్ తిప్పితే ఒక చిన్న బండి లాంటిది ముందుకీ వెనక్కీ జరుగుతుంది, దానికి పెన్సిల్ ముక్కంత సన్నటి నల్లటి ఫెర్రైట్ కడ్డీలు రెండో మూడో బిగించి ఉంటాయి, అవి కాయిల్ గొట్టాల్లోకి దూరుతూ బయటికి వస్తూ ఉంటాయి. ఏళ్ల నాటి గ్రీజు ఆ బండి పట్టాల మీద మైనంలా గట్టిపడి ఉంటుంది. నాబ్ తిరగట్లేదని బలంగా తిప్పితే కడ్డీ పుటుక్కున విరుగుతుంది, ఆ కొలతది మళ్లీ దొరకదు, సెట్టు కథ అక్కడితో ముగిసినట్టే. కాబట్టి పుష్‌బటన్లు కూడా నొక్కకండి. ముందు దూదిపుల్లకి ఆల్కహాల్ తడిపి పట్టాల మీది పాత గ్రీజు కొంచెం కొంచెంగా కరిగించి తీయండి, తర్వాత కుట్టు మిషన్ ఆయిల్ ఒక్క చుక్క పట్టాల మీద, ఇరుసుల మీద. కడ్డీల మీద, కాయిల్ గొట్టాల్లో మాత్రం నూనె పడకూడదు. బండి వేలితో తోస్తే ఈ కొస నుంచి ఆ కొసకి సాఫీగా జరిగినప్పుడే నాబ్ ముట్టుకోండి.

చేయకూడని ఇంకో పని, లోపల అల్యూమినియం డబ్బాల పైన కనిపించే స్క్రూలు తిప్పడం. అవి ఐఎఫ్‌లు, స్టేషన్లని విడదీసే కాయిల్స్, కంపెనీలో సెట్ చేసినవి. వదులయ్యాయేమో బిగిద్దాం అని ఎవరైనా అంటే స్క్రూడ్రైవర్ వాళ్ల చేతిలోంచి తీసుకోండి.

వాల్యూం కంట్రోల్‌లోకి, బ్యాండ్ స్విచ్‌లోకి కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి పదిపదిహేను సార్లు అటూ ఇటూ తిప్పండి, ఆరేదాకా ఆగండి.

కరెంటు లేకుండానే చేసే పరీక్షలు

కెపాసిటర్లు ఒక్కొక్కటీ చూడండి. తల ఉబ్బినవి, కాళ్ల దగ్గర గోధుమరంగు జిగురు కారినవి, రబ్బరు బిరడా బయటికి పొడుచుకొచ్చినవి మారు మాట లేకుండా మార్చేయండి. నా అభిప్రాయం అడిగితే, కరెంటు లైను మీదుండే పెద్దదాన్ని, స్పీకర్‌కి పోయే దారిలో కెపాసిటర్ ఉంటే దాన్ని చూడ్డానికి బాగున్నా సరే మార్చడమే మంచిది, కొత్తవాటి ఖర్చు అవి పోతే జరిగే నష్టం ముందు ఏ మూలకీ రాదు. చిన్నవాటిని మాత్రం అన్నీ ఒకేసారి పీకకండి. ఒకటి మార్చి, ఫోటో తీసి, ఇంకోటి మార్చండి. ప్లస్, మైనస్ గుర్తులు పాత బోర్డుల మీద సరిగా కనపడవు, పాతది ఎటు ఉందో చూసి కొత్తది అటే పెట్టాలి.

తర్వాత మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి, స్విచ్ ఆన్ చేసి, కరెంటు వైరుకీ ఛాసీకీ మధ్య కొలవండి. డయల్ బల్బు లైను మీద ఉంటే పది, ఇరవై ఓమ్‌లు చూపించి కంగారు పెడుతుంది, బల్బు తీసి మళ్లీ చూడండి. మీటర్ తీగలు అటూ ఇటూ మార్చి కూడా చూడండి. రెండు వైపులా రెండు మూడు ఓమ్‌ల లోపు ఉంటే షార్ట్, అది తేలేదాకా ముందుకు వెళ్లొద్దు. ఎక్కువగా దొరికే దోషులు రెండు, లైను మీది కెపాసిటర్, పవర్ ట్రాన్సిస్టర్ కింది మైకా రేకు. ఏడీ149 లాంటి పవర్ ట్రాన్సిస్టర్లలో పైన కనిపించే లోహపు ఒళ్లే కలెక్టర్, చాలా సెట్లలో దాన్ని ఛాసీ నుంచి వేరు చేసేది పల్చటి మైకా ఒక్కటే. ఆ మైకా కింద తుప్పు పొడి చేరినా, స్క్రూ మీది ప్లాస్టిక్ వాషర్ చితికినా షార్టే.

ట్రాన్సిస్టర్లని డయోడ్ మోడ్‌లో చూసేటప్పుడు గుర్తుపెట్టుకోండి, జర్మేనియం అయితే 0.1 నుంచి 0.3 వోల్ట్ దాకా చూపిస్తుంది. సిలికాన్ అలవాటున్న కుర్ర మెకానిక్ ఆ అంకె చూసి ట్రాన్సిస్టర్ పోయిందంటాడు, పోలేదు. 60ల నాటి యూరప్ సెట్లలో ఏఎఫ్114 నుంచి ఏఎఫ్117 దాకా నంబర్లున్న నాలుగు కాళ్ల ట్రాన్సిస్టర్లు కనిపిస్తే వాటికో జబ్బు ఉంది. డబ్బా లోపలి తగరపు పూత నుంచి వెంట్రుక కన్నా సన్నటి మీసాలు మొలిచి లోపలి భాగాలని డబ్బాకి షార్ట్ చేస్తాయి. నాలుగో కాలు డబ్బాది, అది మిగతా మూడింటిలో దేనికీ కలవకూడదు. కలిసిందంటే ఆ నాలుగో కాలుని బోర్డు దగ్గర కత్తిరిస్తే చాలా సందర్భాల్లో సెట్టు మళ్లీ పలుకుతుంది.

స్పీకర్ లేకుండా ఆన్ చేయొద్దు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టుకి లోడ్ లేకపోతే లోపల వోల్టేజీ ఎగిసి ట్రాన్సిస్టర్ పోతుంది. పాత స్పీకర్ పెట్టొద్దు, దాని కాగితం కోన్ ఇప్పటికే పెళుసై ఉంటుంది, ఒక పెద్ద "ఢబ్" మంటే చిరిగిపోతుంది. సెట్టు మీద రాసిన ఓమ్‌లకి సరిపోయే చవక స్పీకర్ ఒకటి పరీక్షకి పెట్టుకోండి. 4 ఓమ్‌ల స్పీకర్ మీటర్‌లో మూడు, మూడున్నర చూపిస్తుంది, అది సరైనదే. స్పీకర్ వైర్లు రెండూ ఛాసీకి తగలకుండా టేప్ చుట్టండి, కొన్ని సెట్లలో స్పీకర్ లైన్లు రెండూ ఎర్త్‌కి దూరంగా ఉంటాయి.

ఇప్పుడు కరెంటు

చెక్క బల్ల మీద, ఫ్యాను గాలి వచ్చేచోట, కళ్లద్దాలు పెట్టుకుని కూర్చోండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. డయల్ బల్బు ఇంకా తీసే ఉంచండి, లేకపోతే మీటర్ అంకెలో బల్బు వాటా ఎంతో సెట్టు వాటా ఎంతో తెలియదు. సప్లైలో కరెంటు పరిమితి 0.5 ఆంప్ దగ్గర పెట్టి, వోల్టేజీ 3 దగ్గర మొదలుపెట్టండి (ఇది 12 వోల్టుల సెట్టు లెక్క, 6 వోల్టులదైతే ఒకటిన్నరతో మొదలుపెట్టి ఆరు దగ్గర ఆగాలి). పరిమితి పెట్టుకునే వీలు లేని సప్లై అయితే 5 వాట్ల బల్బు సీరీస్‌లో వేయండి.

స్విచ్ వేయగానే ముల్లు చటుక్కున పైకి లేస్తుంది, కెపాసిటర్లు నిండుతున్నాయి. తర్వాత అది దిగాలి. పాత కెపాసిటర్లు ఉంచేసిన సెట్టులో ఈ దిగడం నెమ్మదిగా, నిమిషాల మీద జరుగుతుంది, ఆక్సైడ్ పొర మళ్లీ కట్టుకుంటోందన్నమాట. తొందరపడకండి. దిగి నిలబడ్డాక ఐదు నిమిషాలు ఆగి 6 వోల్టులకి, మళ్లీ ఆగి 9కి, ఆపైన 12కి వెళ్లండి. ప్రతి మెట్టు దగ్గరా ఒక్కటే ప్రశ్న, ముల్లు దిగుతోందా, నిలబడిందా, ఎక్కుతోందా? దిగితే మంచిది, నిలబడితే మంచిది. మీరేమీ ముట్టుకోకుండా దానంతటదే మెల్లగా ఎక్కుతుంటే వెంటనే ఆపేయండి. జర్మేనియం ట్రాన్సిస్టర్ వేడెక్కేకొద్దీ ఇంకా కరెంటు లాగుతుంది, కరెంటు లాగేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది, అలా తనని తనే కాల్చుకుంటుంది. బయాస్ రెసిస్టర్ (ట్రాన్సిస్టర్ ఎంత కరెంటు లాగాలో నిర్ణయించేది) విలువ మారిపోయి ఉండొచ్చు, హీట్‌సింక్ (వేడి లాగేసే లోహపు ముక్క) కింది పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, అది చూడాలి. అందుకే హీట్‌సింక్ విప్పి బయటపెట్టిన సెట్టుకి కరెంటు ఇవ్వకూడదు.

ఎంత లాగితే మామూలు? రెండు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లున్న సెట్టు వాల్యూం తగ్గించినప్పుడు 12 వోల్టుల దగ్గర సుమారు 100 నుంచి 250 మిల్లీఆంప్. ఒకే ఒక్క పెద్ద ట్రాన్సిస్టర్ ఉన్నదైతే పాట ఉన్నా లేకున్నా అర ఆంప్ నుంచి ఒక ఆంప్ దాకా లాగుతూనే ఉంటుంది, దాని స్వభావమే అంత, వేడి కూడా ఎక్కువ. దానికి 5 వాట్ల బల్బు సరిపోదు, అక్కడ షార్ట్ లేదని తేలాక 21 వాట్ల దానికి మారి, అదీ బాగుంటే బల్బు తీసేసి 2 ఆంప్ ఫ్యూజుతో నేరుగా ఇవ్వండి.

వాసన వచ్చినా, చిన్న పొగ లేచినా, ఏదైనా చేత్తో ముట్టుకోలేనంత వేడెక్కినా ముందు ఆపి తర్వాత ఆలోచించండి. అరగంట స్థిరంగా నడిచాక వోల్టేజీ 14 దాకా పెంచి చూడండి, ఎందుకంటే ఇంజను నడుస్తుంటే కారులో ఉండేది 12 కాదు, 14 పైచిలుకు.

ఏరియల్ లేకపోతే సన్నటి సర్రుమనే చప్పుడు తప్ప ఏమీ రాదు, సెట్టు పోయిందని టెన్షన్ పడొద్దు. ఏరియల్ సాకెట్ మధ్య పిన్నుకి ఒకటిన్నర మీటర్ల వైరు పెట్టండి. అపార్ట్‌మెంట్‌లో ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్, ఛార్జర్ల రొద మీడియం వేవ్‌ని తినేస్తుంది, బ్యాటరీతో సహా మేడ మీదికి పట్టుకెళ్లండి, తేడా మీకే వినిపిస్తుంది. నిజాం కాలంలో డెక్కన్ రేడియోగా ఉండి 1950లో ఆకాశవాణిలో కలిసిన మన హైదరాబాద్ కేంద్రం 'ఎ' స్టేషన్ 738 కిలోహెర్ట్జ్ దగ్గర, స్కేలు మీద 700 దాటాక వెతకండి. వివిధ భారతి 102.8 ఎఫ్ఎం మీద వస్తుంది కాబట్టి మీడియం వేవ్ మాత్రమే ఉన్న సెట్టులో దానికోసం వెతికి లాభం లేదు. ఎఫ్ఎం ఉన్న పాత జర్మన్ సెట్లలో చాలావాటి స్కేలు 104 దగ్గర ఆగిపోతుంది, వివిధ భారతి, 101.9 రెయిన్‌బో రెండూ అందులోకి వస్తాయి, 104 పైనుండే ప్రైవేటు స్టేషన్లు రావు.

వాల్వు సెట్టు అయితే

వీటి దగ్గర పని వేరే. బల్ల మీది 2 ఆంప్‌ల సప్లై చాలదు, 12 వోల్టుల వాల్వు సెట్టు మూడు నాలుగు ఆంప్‌లు, 6 వోల్టులదైతే అంతకు రెట్టింపు లాగుతుంది. నెమ్మదిగా వోల్టేజీ పెంచే పద్ధతి కూడా ఇక్కడ పనికిరాదు, వోల్టేజీ చాలకపోతే వైబ్రేటర్ సరిగా కదలక దాని పాయింట్లు అంటుకుపోతాయి. కాబట్టి ముందే లోపల పని ముగించి, సరైన ఫ్యూజుతో పూర్తి వోల్టేజీ ఒకేసారి ఇవ్వాలి.

ఆ పనిలో మొదటిది బఫర్ కెపాసిటర్. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి (వోల్టేజీ పైకి లేచి వచ్చే వైపుకి) అడ్డంగా, 1600 వోల్ట్ లాంటి పెద్ద రేటింగ్‌తో చిన్నది ఒకటి ఉంటుంది. అది లీకైతే వైబ్రేటర్ పాయింట్లూ ట్రాన్స్‌ఫార్మరూ రెండూ పోతాయి. దీన్ని మార్చకుండా ఏ వైబ్రేటర్ సెట్టుకీ కరెంటు ఇవ్వొద్దు, ఇందులో రాజీ లేదు. విలువ సరిగ్గా పాతదానికి దగ్గరగా ఉండాలి, ఎక్కువైనా తక్కువైనా పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు పెరుగుతాయి. పాత డబ్బా టీవీల లైన్ అవుట్‌పుట్ దగ్గర 1600 వోల్టుల పాలీప్రొపిలీన్ కెపాసిటర్లు వాడేవారు, పాత టీవీ మెకానిక్‌ల దగ్గర ఇప్పటికీ ఉంటాయి, అడగండి. తర్వాత మైనం పూసిన కాగితం కెపాసిటర్లన్నీ, హెచ్‌టీ (పైకి లేచిన వోల్టేజీ) లైను ఎలక్ట్రోలిటిక్‌లూ మార్చాలి. ఆన్ చేస్తే వైబ్రేటర్ సన్నగా ఝుమ్మని మోగాలి. మోగకపోతే రెండు సెకన్లలో ఆపేయండి. ఆపాక హెచ్‌టీ కెపాసిటర్‌ని 10 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో ఛాసీకి కలిపి ఖాళీ చేసి, మీటర్‌తో సున్నా చూశాకే లోపల చేయి పెట్టండి. కొలిచేటప్పుడు ఒక చేయి జేబులో పెట్టుకునే పాత అలవాటు మంచిది.

కారులోకి ఎక్కించేటప్పుడు

ముందు కారు బ్యాటరీ దగ్గర ఏ వైరు బాడీకి పోతుందో మీ కళ్లతో చూసుకోండి. సెట్టు ఒక రకం ఎర్త్, కారు ఇంకో రకం అయితే సెట్టు డబ్బాని బాడీకి తగలకుండా ఇన్సులేట్ చేసి బిగిద్దాం అనే సలహా వస్తుంది, నేనైతే ఒప్పుకోను. ఏరియల్ కేబుల్ తొడుగు కూడా బాడీకే కలుస్తుంది, ఒక్క స్క్రూ తగిలినా బ్యాటరీ మొత్తం షార్టు. ఎర్త్ మార్చే ప్లగ్ ఉంటే దాన్ని మార్చండి, లేకపోతే తెలిసినవాళ్లతో లోపల మార్పించండి.

కరెంటు వైరులో, తీసుకున్న చోటుకి దగ్గరగా, బెంచి మీద తేలిన అంకెను బట్టి ఫ్యూజు పెట్టండి, ట్రాన్సిస్టర్ సెట్టుకైతే 2 ఆంప్‌ది. పాత ఫ్యూజు హోల్డర్‌లో ఎవరైనా సిగరెట్ కాగితం వెండిరేకు చుట్టి ఉంటే తీసి పారేయండి. ఇంజను తిరిగేకొద్దీ పెరిగే టకటక చప్పుడు ఇగ్నిషన్‌ది. 1 మైక్రోఫారడ్ సప్రెసర్ కండెన్సర్‌ని ఇగ్నిషన్ కాయిల్‌కి బ్యాటరీ వైపు నుంచి వచ్చే టెర్మినల్ మీద పెట్టండి, పాయింట్ల వైపు పెడితే బండి సరిగా నడవదు. సన్నటి కూతలాంటిదైతే డైనమోది, దాని అవుట్‌పుట్ టెర్మినల్ మీద ఒకటి, ఫీల్డ్ టెర్మినల్ మీద మాత్రం వద్దు. ఏరియల్ బేస్ కింద పెయింటు గీకి లోహం తేలేలా బిగిస్తే సగం చప్పుళ్లు అక్కడే పోతాయి.

చివరిగా మిగిలేది ఏరియల్ ట్రిమ్మర్. ఏరియల్ సాకెట్ దగ్గర చిన్న రంధ్రంలో కనిపించే స్క్రూ అది, మీరు తిప్పొచ్చని నేను చెప్పే ఒకే ఒక్క స్క్రూ. కారు ఏరియల్ పూర్తిగా పైకి లాగి, చీకటి పడ్డాక, స్కేలు మీద 1400 దగ్గర్లో వినీ వినపడని దూరపు స్టేషన్ ఒకటి పట్టుకోండి, రాత్రిపూట మీడియం వేవ్ దూరాల నుంచి వస్తుంది. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో ఆ స్క్రూని పావు తిప్పు ఇటు, పావు తిప్పు అటు తిప్పుతూ గొంతు బాగా పెరిగినచోట వదిలేయండి. ఆ తర్వాత ఒక తెల్ల కాగితం మీద సెట్టు వోల్టేజీ, ఎర్త్, ఫ్యూజు, స్పీకర్ ఓమ్‌లు, మార్చిన కెపాసిటర్ల జాబితా రాసి డబ్బా వెనకాల అంటించి, పదిహేను రోజులకోసారైనా అరగంట ఆడించండి.